వారానికొకటి వేయాల్సింది రోజుకొకటి అయితే

సంపాదకుడు గారికి నమస్కారం.

కనిగిరి, పామూరు, ఉదయగిరి వైపు మందుల షాపుకు వెళ్లి 'కాళ్లు పీకుతున్నాయి, నడుం పట్టేసింది' అంటే చాలు, నొప్పి మాత్రలతో పాటు 60 వేల యూనిట్ల విటమిన్ డి క్యాప్సూళ్ల షీటు ఒకటి చేతిలో పడుతుంది. చాలా షీట్లలో నాలుగుంటాయి. అది నాలుగు వారాల మందు. కొన్ని ఇళ్లలో నాలుగు రోజులకే అయిపోతుంది. బీపీ మాత్ర, షుగరు మాత్ర, గ్యాసు మాత్ర అన్నీ రోజూ వేసుకునే ఇంట్లో 'వారానికొకటి' అనే లెక్క ఇంకే మందుకూ ఉండదు మరి. షీటు మీద ఆ మాట ఉన్నా చిన్న ఇంగ్లిషు అక్షరాల్లో ఉంటుంది.

పత్రికల ఆరోగ్య పేజీల్లో డి విటమిన్ గురించి వచ్చేవి ఎక్కువగా లోపం, ఎండ, గుడ్డు, చేప దగ్గరే ఆగిపోతున్నాయి. కిడ్నీ జబ్బో, ఫ్లోరైడో, టీబీయో, మూర్ఛో ఉన్నవారు ఈ మందును ఎలా వాడాలి, ఎక్కడ తేడా కొడుతుంది అన్నది కనపడదు. ప్రకాశం, నెల్లూరు ప్రాంతాల్లో ఆ అవసరం ఎక్కువ కాబట్టి రాస్తున్నాను.

ముందు లెక్క. పెద్దవారికి రోజుకు కావలసింది 600 యూనిట్లు, 70 ఏళ్లు దాటితే 800. డాక్టరును అడగకుండా ఎవరికి వారు వేసుకునేదానికి పైహద్దు రోజుకు 4 వేలు. అంటే 60 వేల క్యాప్సూల్ ఒకటి మింగితే 100 రోజుల సరుకు ఒక్కసారి లోపలికి వెళ్లినట్టు. లోపం ఉన్నవారికి మామూలుగా రాసేది వారానికొకటి చొప్పున 8 వారాలు, తర్వాత నెలకొకటి. వారానికొకటి అంటే సగటున రోజుకు 8,500 పైచిలుకు, నెలకొకటి అంటే రోజుకు 2 వేలు పడుతుంది. మూత్రపిండాలు బాగుండి, 70 దాటని మనిషికి ఇందులో భయపడాల్సింది ఏమీ లేదు. అదే క్యాప్సూల్ రోజూ వేసుకుంటే రెండు నెలల్లో 36 లక్షల యూనిట్లు అవుతుంది. బి, సి విటమిన్ల లాగా మూత్రంలో పోయేది కాదిది, కొవ్వులో దాక్కుంటుంది. ఆపేసిన తర్వాత కూడా వారాలు, ఒక్కోసారి నెలల తరబడి రక్తంలోకి వస్తూనే ఉంటుంది.

ఎక్కువైతే చెడు చేసేది నేరుగా డి విటమిన్ కాదు, అది రక్తంలోకి లాగిన కాల్షియం. విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, మలబద్ధకం, అన్నం సయించకపోవడం, వాంతులు, వృద్ధుల్లో మగత, మతిమరుపు, తికమక. దాహం, మూత్రం చూసి ఇంట్లోవాళ్లు షుగరు పెరిగిందనుకుంటారు. షుగరు పరీక్ష బాగానే ఉంటే మరిక ఏమీ లేదని వదిలేస్తారు. ఆ సమయంలో చేయించాల్సినవి సీరం కాల్షియం (రక్తంలో కాల్షియం), క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది). రెండూ చిన్న ల్యాబుల్లోనూ జరిగేవే. కాల్షియం మామూలుగా 8.5 నుంచి 10.5 మిల్లీగ్రాముల మధ్య ఉండాలి. అది దాటితే డి విటమిన్, కాల్షియం మాత్రలు, కాల్షియం కలిసిన గ్యాసు మందులు అన్నీ ఆపి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. 12 దాటితే మర్నాటికి వాయిదా వేసే పని కాదు.

ఇంజెక్షన్ సంగతి ఇంకో రకం. 6 లక్షల యూనిట్ల సూది ఒకటి మార్కెట్లో ఉంది. కొవ్వును పేగు పీల్చుకోలేని జబ్బులున్నవారికి, నోటిద్వారా మందు పనిచేయనివారికి దానితో ఉపయోగం ఉంటుంది. ఊళ్లలో దాన్ని బలం సూదిలాగా పొడుస్తున్నారు. ఒక సూది పది క్యాప్సూళ్లతో సమానం, పని చేసేది నెలల పాటు. వచ్చే నెలలో ఇంకోటి, మధ్యలో క్యాప్సూళ్లు, పైన కాల్షియం మాత్రలు అంటే లెక్క ఎవరి చేతిలోనూ ఉండదు. సూది వేయించుకుంటే ఆ తేదీ ఓపీ చీటీ మీద రాయించుకోవాలి.

ఇక కిడ్నీ జబ్బు. పశ్చిమ ప్రకాశంలో ఇది తెలియని ఊరు తక్కువ కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

చర్మంలో తయారైనా, క్యాప్సూల్లో వచ్చినా ఈ డి విటమిన్ రకం, అంటే డి3, పచ్చి సరుకు. కాలేయంలో ఒకసారి మారుతుంది, మూత్రపిండంలో రెండోసారి మారుతుంది, అప్పుడే పనికొచ్చే రూపానికి వస్తుంది. ఆ చివరి రూపం పేరు కాల్సిట్రయాల్. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారిలో ఆఖరి అడుగు సరిగా పడదు. అందుకని కొందరికి నేరుగా కాల్సిట్రయాల్ గానీ, కాలేయంలో మారితే సరిపోయే ఆల్ఫాకాల్సిడాల్ గానీ ఇస్తారు. వీటి మోతాదు 0.25 మైక్రోగ్రాములతో మొదలవుతుంది. 60 వేల యూనిట్ల డి3 అంటే 1,500 మైక్రోగ్రాములు. సున్నాలు చూసి 'ఇది చిన్న మందు, అది పెద్ద మందు' అనుకుంటే అక్కడే బోల్తా. కాల్సిట్రయాల్ తయారైన సరుకు, దాని మీద శరీరానికి అదుపు ఉండదు. డి3 వేసుకుంటే ఎంత మార్చుకోవాలో ఒళ్లు కొంతవరకైనా చూసుకుంటుంది.

ఈ సంగతి తెలియక జరిగే పొరపాటు ఒకటుంది. కాల్షియం, కాల్సిట్రయాల్, జింకు కలిపిన క్యాప్సూళ్లు షాపుల్లో 'కాల్షియం మాత్ర' పేరుతోనే వెళ్లిపోతాయి. ఎముకల బలానికని కొని రోజూ వేసుకుంటారు. డి విటమిన్ పరీక్ష చేయిస్తే మామూలుగానే వస్తుంది, ఎందుకంటే ఆ పరీక్ష కొలిచేది కాలేయంలో తయారైన రూపాన్ని, కాల్సిట్రయాల్‌ను కాదు. రక్తంలో కాల్షియం మాత్రం పెరిగి కూర్చుంటుంది. కనుక కిడ్నీ రోగి ఇంట్లో ఏ కాల్షియం డబ్బా ఉన్నా వెనక్కి తిప్పి, అందులో ఉన్నది డి3నా, కాల్సిట్రయాలా అని షాపులో చదివించుకోవాలి. ఒక్క మేలేమిటంటే, కాల్సిట్రయాల్ ఆపితే దాని ప్రభావం కొద్ది రోజుల్లో తగ్గుతుంది. డి3 అయితే అలా దిగదు.

కిడ్నీ జబ్బు మూడో దశ నుంచి ఉన్నవారందరికీ కాల్సిట్రయాల్ అలవాటుగా రాయొద్దని అంతర్జాతీయ కిడ్నీ మార్గదర్శకాలు 2017లోనే చెప్పాయి. నాలుగు, ఐదు దశల్లో పారాథైరాయిడ్ హార్మోను (రక్తంలో కాల్షియంను నడిపేది) బాగా పెరిగిపోతున్నవారికే దాన్ని పరిమితం చేయమన్నాయి. మామూలు డి3 లోపం ఉంటే అందరికీ ఇచ్చినట్టే ఇవ్వొచ్చు, కాకపోతే కాల్షియం, ఫాస్ఫరస్, పారాథైరాయిడ్ హార్మోను చూసుకుంటూ. ఫాస్ఫరస్ ఇప్పటికే ఎక్కువగా ఉన్నవారికి డి విటమిన్ దాన్నీ పేగు నుంచి లాగుతుంది. కాల్షియం, ఫాస్ఫరస్ రెండూ పెరిగితే ఎముకలో చేరాల్సిన సున్నం రక్తనాళాల గోడల్లో పేరుకుంటుంది. డయాలసిస్ వారికి అన్నంతో పాటు నమిలి తినమని ఇచ్చే కాల్షియం కార్బొనేట్ మాత్ర ఎముకల కోసం కాదు, అన్నంలోని ఫాస్ఫరస్‌ను పట్టి ఉంచడానికి. దాన్ని పరగడుపున వేసుకుంటే ఆ పని జరగదు, ఒంట్లో కాల్షియం మాత్రం పెరుగుతుంది.

ఫ్లోరైడ్ దగ్గరికి వస్తే, మన దేశంలో ఎముకలకు పాకిన ఫ్లోరోసిస్‌ను (నీటిలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చే జబ్బు) వైద్య పత్రికలో మొదట నమోదు చేసింది 1937లో, నెల్లూరు జిల్లా నుంచే. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా పొదిలి, దర్శి, కనిగిరి కూడా నెల్లూరు కిందే ఉండేవి. తొమ్మిది దశాబ్దాలు కావస్తున్నా నొప్పుల విషయంలో ఇప్పటికీ ఒకటే అయోమయం: ఇది ఫ్లోరైడా, డి విటమిన్ లోపమా?

రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చు. తిండిలో కాల్షియం, ఒంట్లో డి విటమిన్ తక్కువైన చోట ఫ్లోరైడ్ చేసే నష్టం పెద్దదవుతుంది. పిల్లల కాళ్లు వంకర్లు తిరిగేది ఎక్కువగా అలాంటి ఇళ్లలోనే. తేడా కొంతవరకు మనిషిని చూసే తెలుసుకోవచ్చు. ఫ్లోరోసిస్‌లో ఒళ్లు బిగుసుకుంటుంది: వంగి కాలి వేళ్లు అందుకోలేరు, గడ్డం ఛాతీకి ఆనించలేరు, చేతులు తల వెనక్కి పెట్టలేరు. చిన్నప్పటి నుంచీ ఆ నీళ్లే తాగినవారైతే పళ్ల మీద గార కనిపిస్తుంది. డి విటమిన్ లోపంతో ఎముక మెత్తబడినవారిలో బిగుతు కంటే నీరసం ముందుంటుంది: గొంతుక్కూర్చుంటే చెయ్యి ఆనించకుండా లేవలేరు, మెట్లు ఎక్కలేరు, బాతులా అటూ ఇటూ ఊగుతూ నడుస్తారు, మోకాలి కింద ముందు ఎముకను వేలితో నొక్కితే నొప్పి. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే రక్తపరీక్ష రెండింటిలోనూ పెరగొచ్చు కాబట్టి దాన్నొక్కదాన్నే పట్టుకుని తేల్చకూడదు. ముంజేతి ఎక్స్‌రేలో రెండు ఎముకల మధ్య పొర గట్టిపడి కనిపిస్తే ఫ్లోరైడ్ వైపు మొగ్గాలి.

డి విటమిన్ ఇస్తే ఫ్లోరైడ్ బయటికి పోదు. లోపం తీరితే దాని వాటా నొప్పి, నీరసం తగ్గుతాయి, అంతే. నీళ్లు మార్చకుండా క్యాప్సూళ్లు మార్చుకుంటూ పోవడం దండగ. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దిక్కు లేకపోతే 1.5 వరకు. నీళ్లు మరగబెడితే ఫ్లోరైడ్ పోతుందనేవారు ఇంకా ఉన్నారు. ఆవిరయ్యేది నీరే, ఫ్లోరైడ్ గిన్నెలో చిక్కబడుతుంది. ఈ ప్రాంతంలో డి3తో పాటు కాల్షియం కూడా కడుపులోకి వెళ్లేలా చూడాలి. రాగులు 100 గ్రాముల్లో 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది. పెరుగు, మునగాకు, పొట్టు తీయని నువ్వులు కూడా మంచివే. కిడ్నీ కూడా దెబ్బతిన్నవారు మాత్రం ఇవి ఎంత తినొచ్చో డాక్టరును అడిగే తినాలి, ఫాస్ఫరస్, పొటాషియం గొడవ ఉంటుంది.

వేరే మందులతో తగాదా పడే చోట్లు కొన్ని. టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్ డి విటమిన్‌ను త్వరగా కరిగించేస్తుంది, అందువల్ల లోపం రావచ్చు. మరోవైపు టీబీ గడ్డలే సొంతంగా కాల్సిట్రయాల్ తయారుచేసి కొందరిలో కాల్షియం పెంచేస్తాయి. ఒకే జబ్బులో ఇటూ అటూ లాగే పరిస్థితి. గ్రానైట్ దుమ్ముతో ఊపిరితిత్తులు దెబ్బతిని టీబీ ముప్పు పెరిగిన చీమకుర్తి వైపు కూలీలు ఈ సంగతి గుర్తుంచుకోవాలి: టీబీ మందులు నడుస్తుండగా సొంతంగా 60 వేలు మొదలుపెట్టొద్దు, కాల్షియం చూసిన తర్వాతే. మూర్ఛకు ఏళ్ల తరబడి ఫెనిటోయిన్, ఫీనోబార్బిటాల్, కార్బమజెపైన్ వాడేవారిలో లోపం ఎక్కువ, వారికి డాక్టరు మామూలు కంటే పెద్ద మోతాదు రాయవచ్చు. ఆస్తమాకో కీళ్లవాతానికో స్టెరాయిడ్లు నెలల తరబడి వాడేవారిదీ ఇంచుమించు అదే కథ. బీపీ మాత్ర పేరు చివర 'హెచ్' అనో 'సీటీ' అనో ఉంటే సాధారణంగా అందులో మూత్రం మందు కలిసి ఉంటుంది. ఆ రకం మూత్రంలో కాల్షియం పోనివ్వదు. దానిపైన డి విటమిన్, కాల్షియం రెండూ చేరితే నెలకో రెండు నెలలకో కాల్షియం పరీక్ష తప్పదు. గుండెకు డిగాక్సిన్ వాడేవారికి కాల్షియం పెరిగితే గుండె లయ తప్పుతుంది, వారి జోలికి సొంత వైద్యం అసలు వద్దు. థైరాయిడ్ మాత్రకు, కాల్షియం మాత్రకు మధ్య 4 గంటలు ఎడం ఉండాలి. పొద్దున్నే రెండూ కలిపి మింగితే థైరాయిడ్ మాత్ర వేసుకోనట్టే.

వృద్ధుల విషయంలో చాలామంది నమ్మని సంగతి ఒకటుంది: పెద్ద మోతాదు వారిని పడేస్తుంది. 2010లో ఆస్ట్రేలియాలో 70 దాటిన స్త్రీలకు ఏడాదికోసారి 5 లక్షల యూనిట్లు ఇచ్చి చూశారు. ఎముకలు విరగడం తగ్గుతుందనుకుంటే 26 శాతం పెరిగింది. 2016లో స్విట్జర్లాండ్‌లో అంతకుముందు ఒకసారి పడిన 70 పైబడినవారిని చూస్తే, నెలకు 24 వేలు తీసుకున్నవారిలో ఏడాదిలో సుమారు 48 శాతం మంది పడ్డారు, 60 వేలు తీసుకున్నవారిలో 67 శాతం. మన దగ్గర మామూలుగా రాసే నెలకొకటి మోతాదే అది. అందుకని వృద్ధులకు రోజుకు 800 లేదా 1,000 యూనిట్ల చిన్న మాత్ర మేలు. షాపుల్లో దొరుకుతుంది, అడిగేవారు లేక ముందుకు రాదు.

గర్భిణులకు నాలుగో నెల నుంచి ప్రభుత్వం ఇచ్చే కాల్షియం మాత్రల్లో ఒక్కోదానిలో 500 మిల్లీగ్రాముల కాల్షియం, 250 యూనిట్ల డి3 ఉంటాయి. రోజుకు రెండు. అంటే 500 యూనిట్లు ఇప్పటికే అందుతున్నాయి, ప్రసవం తర్వాత 6 నెలల దాకా కూడా. ఐరన్ మాత్రతో కలిపి వేసుకుంటే మాత్రం ఐరన్ ఒంటబట్టదు. కాల్షియం మాత్రకూ, ఐరన్ మాత్రకూ మధ్య కనీసం 2 గంటల తేడా ఉండాలి. తల్లిపాలలో డి విటమిన్ చాలా తక్కువ కాబట్టి బిడ్డకు మొదటి ఏడాది రోజుకు 400 యూనిట్ల చుక్కలు వేయమంటారు. ఇక్కడ జాగ్రత్త: కొన్ని సీసాల్లో మిల్లీలీటరుకు 400, కొన్నింటిలో 800 ఉంటుంది. కొత్త సీసా తెచ్చినప్పుడు పాత గీత దాకానే పోస్తే రెట్టింపు వెళ్లిపోవచ్చు. ఇంకా ఘోరం ఏమిటంటే, పెద్దల కోసం 5 మిల్లీలీటర్లలో 60 వేలు ఉన్న బుల్లి సీసాలు చూడటానికి పిల్లల మందులాగే ఉంటాయి. దానిలో ఒక్క మిల్లీలీటరు అంటే 12 వేలు, బిడ్డకు 30 రోజుల మోతాదు. ఆ రెండు సీసాలూ ఒకే అలమరలో ఉంచొద్దు.

ఎండ గురించి రెండు మాటలు. పొద్దున్నే లేత ఎండలో కూర్చుంటే డి విటమిన్ వస్తుందన్నది అందరూ చెప్పేదే, కానీ దాన్ని పుట్టించే కిరణాలు ఏటవాలు ఎండలో దాదాపు ఉండవు. 11 నుంచి 2 మధ్య, మన నీడ మనకంటే పొట్టిగా ఉన్నప్పుడే అవి తగినంత వస్తాయి. కిటికీ అద్దం వాటిని ఆపేస్తుంది. నెల్లూరు, ఒంగోలు ఉన్న అక్షాంశాల్లో డిసెంబరులో కూడా మిట్టమధ్యాహ్నం నీడ పొట్టిగానే ఉంటుంది, కాబట్టి ఏడాది పొడవునా ఎండకు కొరత లేదు. అయినా తిరుపతి స్విమ్స్ వైద్యులు 2007లో వెల్లడించిన అధ్యయనంలో పల్లె స్త్రీలలో 70 శాతం, పట్నం స్త్రీలలో 75 శాతం మందికి లోపం తేలింది. చామనఛాయ, ఒళ్లంతా బట్ట, ఇంటిపట్టు పని, తిండిలో కాల్షియం లేకపోవడం అన్నీ కలిసి చేసిన పని అది. కిడ్నీ, గుండె జబ్బులవారినీ, మూత్రం మందు వాడేవారినీ రోహిణి కార్తెలో మధ్యాహ్నం ఎండలో నిలబడమనడం మాత్రం వైద్యం కాదు. లూపస్ (చర్మాన్నీ, కీళ్లనూ దెబ్బతీసే జబ్బు) ఉన్నవారికి ఏ కార్తెలోనూ ఎండ పడదు. తిండి మీదా పెద్ద ఆశ పెట్టుకోనక్కర్లేదు: గుడ్డుకు 40 యూనిట్ల చొప్పున వస్తుంది, అదీ పచ్చసొనలో. చేపల్లో కవళ్లు లాంటి కొవ్వు చేపల్లోనే చెప్పుకోదగ్గంత ఉంటుంది. మనం గొప్పగా చెప్పుకునే రొయ్యలో దాదాపు లేదు.

పరీక్ష చేయించుకునేవారు '25-హైడ్రాక్సీ విటమిన్ డి' అని అడగాలి. 12 నానోగ్రాముల లోపు అయితే ఎముకకు ముప్పు, 20 దాటితే చాలామందికి సరిపోతుంది, 150 దాటితే విషం. రిపోర్టులో 30 లోపు అంతా ఎర్రగా అచ్చువేస్తారు. ఆ 30 గీతను అమెరికా ఎండోక్రైన్ సొసైటీ (హార్మోన్ల వైద్యుల సంఘం) 2024లో పక్కన పెట్టేసింది. కొన్ని ల్యాబులు నానోమోల్స్‌లో ఇస్తాయి, దాన్ని 2.5తో భాగించాలి. జుట్టు కోసం బయోటిన్ వేసుకుంటుంటే రెండు మూడు రోజులు ఆపి రక్తం ఇవ్వాలి, లేకపోతే అంకె తప్పుగా రావచ్చు. మందు మొదలుపెట్టి 3 నెలలు కాకుండా మళ్లీ పరీక్ష అంటే డబ్బు దండగ. ఇక ఏ జబ్బూ లేక, నడి వయసులో ఉండి, ఊరికే బలానికని వేసుకునేవారికి చెప్పేది ఒక్కటే: అమెరికాలో 25 వేల మందికి పైగా తీసుకుని, కొందరికి రోజుకు 2 వేల యూనిట్లు, మిగతావారికి మందు లేని ఉత్తుత్తి మాత్రలు ఇచ్చి పోల్చి చూస్తే, ఎముకలు విరగడంలో తేడా ఏమీ రాలేదు.

మీ పత్రికను కోరేది, డి విటమిన్ మీద వ్యాసం వేసిన ప్రతిసారీ కిడ్నీ, టీబీ, మూర్ఛ, గుండె మందులు వాడేవారికి విడిగా నాలుగు లైన్లు వేయమని. ఫ్లోరైడ్ ఊళ్లలో వైద్య శిబిరాలు పెట్టేవారిని కోరేది, క్యాప్సూళ్లు పంచే ముందు కాల్షియం, క్రియాటినిన్ చూడమని. షాపులవారికి ఇంకా తేలిక పని: షీటు అమ్మేటప్పుడు వారంలో ఏ రోజు వేసుకుంటారో అడిగి, ఒక్కో క్యాప్సూల్ వెనక మార్కర్ పెన్నుతో వచ్చే నాలుగు వారాల్లో ఆ రోజు తేదీలు వేసి ఇవ్వండి. పాలతోనో, నూనె తగిలిన మధ్యాహ్న భోజనం తర్వాతో వేసుకోమని చెప్పండి, పరగడుపున వేస్తే సరిగా ఒంటబట్టదు.

ఇట్లు,
ఒక ఫార్మసిస్టు,
కనిగిరి